నాయనమ్మ గోల్‌కీపర్‌గా ఉన్న టీమ్

కాదు, నేను ఒప్పుకోను. జగిత్యాలలో గేమింగ్ సెంటర్ నడిపే భాయ్ ఎన్నిసార్లు నచ్చజెప్పినా ఒప్పుకోను. ఆట అదే, గ్రౌండ్ అదే, పరిగెత్తే మనుషులూ వాళ్లే. చొక్కాల రంగు మార్చి, పెట్టె మీద ఏడాది అంకె మార్చి, ఇదిగో కొత్త గేమ్ అని అమ్మడం ఏంటి? ఉన్నదాన్నే బాగుచేస్తూ పోవచ్చు కదా. నా ఫోన్‌లో యాప్‌లు నేను నిద్రపోతుంటే వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి. పొద్దున లేచేసరికి నా ఫొటోలు పోవు, నంబర్లు పోవు. ఒక్క ఈ స్పోర్ట్స్ గేమ్‌లకే ఏం రోగం?

ఇదే మాట భాయ్‌తో అంటే, గుడ్డతో రిమోట్లు తుడుస్తూ నవ్వాడు.

"తమ్మీ, కొత్త సీడీ వస్తెనే పోరగాండ్లు లోపటికొస్తరు. అప్‌డేట్ అయిందని బోర్డు పెడితె ఎవడొస్తడు చెప్పు?"

"అంటే నీ దుకాణం నడవనీకి అందరు మళ్ల మొదటికెల్లి ఆడాల్నా భాయ్?"

"గరం గాకు. చాయ్ తాగు. అయినా ఆడేది నువ్వు గాదు గదా, మీ చెల్లె గదా? నీకేంది మధ్యల?"

అదే నా బాధ. ఆడేది నేను కాదు. ఆడేది నేనే అయితే ఆ రిమోట్ గోడకేసి కొట్టి ఎప్పుడో మర్చిపోయేవాణ్ని.

పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. చార్జర్లు, ఇయర్‌ఫోన్లు అమ్మే కంపెనీలో ఉద్యోగం దొరికి ఇటు వచ్చాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు ఊళ్ల మొబైల్ షాపులు నా వంతు. ఉండేది కోరుట్లలో మా చిన్నమ్మ ఇంట్లో. ఇంట్లో చిన్నమ్మ, వాళ్ల అత్తగారు, ఇంటర్ చదివే చెల్లె. చిన్నమ్మ అత్తగారిని చెల్లె నాయనమ్మ అంటుంది కాబట్టి నేనూ అలాగే అంటాను. చిన్నాయన గల్ఫ్‌లో ఏసీ పైపుల పని చేస్తాడు. సెలవు దొరికినప్పుడు వస్తాడు, దొరకనప్పుడు ఫోన్ వస్తుంది.

ఆ ఫోన్ ఎలా ఉంటుందో నేను వచ్చిన కొత్తలోనే చూశాను.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న బాపు. నువ్వు తిన్నవా?"

"తిన్న. సదువెట్లుంది?"

"మంచిగున్నది."

ఆ తర్వాత ఇద్దరికీ మాట ఉండదు. వీడియో కాల్‌లో మూలకు కనిపించే తమ ముఖాన్నే చూసుకుంటూ కూర్చుంటారు. చిన్నాయన దగ్గుతాడు. చెల్లె జుట్టు సర్దుకుంటుంది. చివరికి ఆయనే, "అవ్వకియ్యి" అంటాడు. ఇక్కడ అవ్వంటే అమ్మ. చెల్లె ఫోన్‌ను వేడి గిన్నెలా వాళ్లమ్మ చేతిలో పెట్టేసి లేస్తుంది.

కానీ శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. ఆయనకు ఆ రోజు సెలవు. రూమ్‌లో ఉండే కేరళవాళ్లు ఫుట్‌బాల్ గేమ్ నేర్పించారట. అక్కడ వాళ్లందరిదీ కలిపి ఒక సెకండ్ హ్యాండ్ గేమ్ డబ్బా, ఇక్కడ టీవీ కింద చెల్లెకు ఒకటి. తండ్రీ బిడ్డా ఒకే టీమ్‌లో ఆడేవాళ్లు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నాయనమ్మకు వినపడదని చెల్లె సౌండ్ టీవీకే పెట్టేది. అందుకే అన్నీ నేనూ విన్నాను.

"బాపూ, గటెందుకు పోతున్నవ్? గా సందులకెల్లి నాకియ్యి!"

"ఆగవే, నువ్వొక్కదానివే ఆడుతున్నవా?"

"కాళ్లకు బంకంటిందా ఏంది, కదులుతనే లేవు!"

"పొద్దంత నిచ్చెన మీద నిలవడ్డ కాళ్లే గవి. జర ఓపిక పట్టు."

ఫోన్‌లో రెండు మాటలకు ఎండిపోయే ఇద్దరు, బంతి వెంట పరిగెడుతూ అన్నీ చెప్పుకునేవాళ్లు. ఫిజిక్స్ పరీక్ష పోయిందని చెల్లె చెప్పింది అక్కడే, కార్నర్ కొడుతూ. తనకు జ్వరం వచ్చి పనికి పోలేదని, ఇంట్లో చెప్పొద్దని ఆయన చెప్పిందీ అక్కడే. టీవీ సౌండ్‌లో చిన్నమ్మ వంటింట్లోంచి వింటోందని ఇద్దరికీ గుర్తుండేది కాదు. ఆ సాయంత్రం చిన్నమ్మ ఆయనకు ఫోన్ చేసి పెట్టిన చీవాట్లు మా వీధంతా విన్నది.

ఇక ఆ టీమ్ సంగతి. గేమ్‌లో మనకు కావలసినట్టు ఆటగాళ్లను తయారు చేసుకోవచ్చు: ముఖం, రంగు, పొడుగు, జుట్టు. చిన్నాయన మా ఇంటిల్లిపాదినీ తయారు చేశాడు. చిన్నమ్మ డిఫెండర్. ఆమెను దాటి ఎవడూ పోలేడని ఆయన నమ్మకం. గోల్‌కీపర్ నాయనమ్మ, తెల్లజుట్టుతో. నేను వచ్చాక నన్నూ చేర్చారు. బెంచీ మీద.

"నన్నెందుకు కూర్చోబెట్టిండ్రు?" అని అరిచాను.

టీవీలోంచి చిన్నాయన గొంతు. "ఇగో, గిందుకే. నీకు దిగంగనే రెడ్ కార్డు పడుతది."

వెనక మంచం మీద కూర్చుని చూసే నాయనమ్మ ఫిర్యాదు వేరు. "ఏందే, నాకు చెడ్డి తొడిగిండ్రు?"

"అందరికి గదే నాయనమ్మా, ఆటల."

"గట్లయితె కొప్పన్న పెట్టుండ్రి. ఇరబోసుకొని ఉరుకుతాన, నలుగురు జూస్తె ఏమంటరు?"

ఆ గేమ్‌లో కొప్పు లేదు. వెతికి వెతికి, వెనక్కి ముడేసిన జుట్టు ఒకటి దొరికితే అదే పెట్టారు. నాయనమ్మ దగ్గరికి వచ్చి కళ్లద్దాలు సవరించుకుని చూసి, "జర నయం" అంది. అది వాళ్లిద్దరికీ కప్పు గెలిచినంత.

ఇవన్నీ ఏటేటా పోతాయి. కొత్త గేమ్‌లోకి పాత టీమ్ రాదు. చిన్నమ్మ, నాయనమ్మ, బెంచీ మీద నేను, అందరం మాయం. చిన్నాయన మళ్లీ మొదటి నుంచి కూర్చుని ఒక్కో ముఖం దిద్దేవాడు. మొదట్లో అదీ సరదాగానే ఉండేదట.

కొత్త సీడీ వచ్చే పద్ధతి కూడా చెప్పాలి. ఇటువైపు గల్ఫ్ నుంచి వచ్చే మనిషి తన సామాను ఒక్కటే తెచ్చుకోడు. రూమ్‌లో అందరి ఇళ్లకూ ఏదో ఒకటి మోసుకొస్తాడు. ఆయన ఇంటికి మనం వెళ్లాలి, చాయ్ తాగాలి, మనవాడు అక్కడ చిక్కాడా లావయ్యాడా అడగాలి, అప్పుడు మన కవర్ మన చేతికి వస్తుంది. ఈసారి సీడీ తెచ్చినాయనది మా కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం. చెల్లెను బైక్ మీద ఎక్కించుకుని వెళ్లాను. రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆయన తువ్వాలు మడతలోంచి, సబ్బుల మధ్యలోంచి సీడీ తీసి ఇచ్చాడు.

"మీ బాపు ఒక్క తీరుగ చెప్పిండు బిడ్డా, పలుగుతది పైలమని. విమానంల ఒళ్లె పెట్టుకొనే అచ్చిన."

తిరిగి వస్తుంటే నాకు మండింది. "అదే అప్‌డేట్ అయితే ఇంటి దగ్గరే దిగిపోయేది కదే? ఈ తిరుగుడంతా ఎందుకు?"

వెనక కూర్చున్న చెల్లె కవర్‌ను ముక్కు దగ్గర పెట్టుకుంది. "గప్పుడు బాపు ఏం పంపుతడన్నా? అప్‌డేట్‌కు గీ సబ్బు వాసనొస్తదా?"

బైక్ స్పీడ్ పెంచాను, అంతే.

అసలు తిరకాసు ఇంటికొచ్చాక తెలిసింది. ఈసారి చిన్నాయన రెండు కొనలేక బిడ్డకు కొత్తది పంపి, తాను పాత సీడీయే ఉంచుకున్నాడు. కొత్త గేమ్‌లో ఉన్నవాళ్లు పాత గేమ్‌లో ఉన్నవాళ్లతో ఆడలేరు.

"గట్లెట్ల?" అన్నాడు ఆయన ఫోన్‌లో. "కొత్త ఫోన్లకెల్లి పాత ఫోన్‌కు ఫోన్ కలుస్తలేదా?"

కలుస్తుంది చిన్నాయనా. అది న్యాయం. ఇది వ్యాపారం. ఆయనకు అలా చెప్పలేక ఫోన్ చెల్లెకిచ్చేశాను.

సరే, పాతదాంట్లోనే ఆడదామనుకున్నారు. ఆడారు కూడా. ఈలోగా తెర మీద నోటీసు వచ్చింది, పాత గేమ్‌కు ఆన్‌లైన్ త్వరలో ఆపేస్తామని. అంటే సీడీ ఉంటుంది, నాయనమ్మ గోల్ ముందు నిలబడే ఉంటుంది, కానీ తండ్రీ బిడ్డా అందులో కలుసుకోలేరు.

ఆ వారమంతా నేను ఎవరితో మాట్లాడినా ఇదే. సిరిసిల్ల బస్సులో నా ఫోన్‌లోని క్రికెట్ గేమ్ అప్‌డేట్ అయ్యి, నేను ఇన్నాళ్లూ నమ్ముకున్న స్వీప్ షాట్ ఎక్కడో మాయమైంది. నన్నెవరూ అడగలేదు. పక్క సీటాయన ఉలిక్కిపడేలా తిట్టాను. కాబట్టి అప్‌డేట్ దేవుడని నేను అనడం లేదు. కానీ నా టీమ్ అలాగే ఉంది, నా పాత మ్యాచ్‌లు ఉన్నాయి. దిగి షాపుకు వెళ్తే వెనక వీధిలో సాంచలు కొట్టుకుంటున్నాయి, ఎప్పటివో మరమగ్గాలు. అరిగిన ముక్క మార్చి నడుపుతారు. కొత్త ఏడాది వచ్చిందని ఎవరూ వాటిని పీకి పారేయరు. షాపాయన నన్ను ఆర్డర్ అడుగుతుంటే నేను ఆ చప్పుడే వింటున్నాను. విసుగొచ్చింది, అన్నిటి మీదా.

చివరికి రూమ్‌లోవాళ్లంతా కలిసి అక్కడా కొత్త సీడీ తెచ్చారు. సమస్య తీరిందనుకున్నాను. టీమ్ మాత్రం చిన్నాయన చేయలేదు. ఆయన్ని కంపెనీవాళ్లు కొత్త సైట్‌కు మార్చారట, ఎండలో పని.

"నాతోని గాదు బిడ్డా, మళ్ల మొదటికెల్లి" అన్నాడు. "నువ్వే జెయ్యి."

చెల్లె చేసింది. కాలేజీ నుంచి వచ్చి రోజూ కూర్చుని అందరి ముఖాలూ దిద్దింది. ఈ కొత్తదాంట్లో ఏదో కొప్పులాంటిది కూడా ఉంది. నాయనమ్మ కళ్లద్దాలు తుడుచుకుని దాన్ని మళ్లీ చూసింది. శుక్రవారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఆట మొదలైంది. పాస్ ఇవ్వబోతే బంతి బయటికి పోయింది.

"గీ బటన్ గాదా?"

"మార్చిండ్రు బాపు. పక్కది."

"గిదా?"

"అది కొట్టుడు. పక్కది."

"ఏమో బిడ్డా, చేతులు పాతదానికే పోతున్నయి."

కాసేపటికి మాటలు తగ్గాయి. బంతి చెల్లె దగ్గరే ఉంది. మైదానం మధ్యలో చిన్నాయన బొమ్మ నిలబడిపోయింది, చేతులు వేలాడేసి, ఊపిరి పీలుస్తున్నట్టు భుజాలు మాత్రం కదులుతూ. టీవీలోంచి గురక వినపడింది. మొదట సన్నగా, తర్వాత నిండుగా.

"లేపు" అన్నాను.

చెల్లె నా వైపు కోపంగా చూసి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. రిమోట్ మీద బటన్లు మెల్లగా నొక్కుతూ, ఆయన బొమ్మకు బంతి తగలకుండా చుట్టూ తిప్పుకుంటూ, మిగిలిన ఆటంతా ఒక్కతే ఆడింది. ఓడిపోయింది. సౌండ్ తగ్గించలేదు. గురక ఆగేదాకా అలాగే కూర్చుంది.

ఆ తర్వాత ఆయన గేమ్‌లోకి రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వస్తుంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న బాపు. నువ్వు?"

ఆయన దగ్గుతాడు. చెల్లె జుట్టు సర్దుకుంటుంది.

భాయ్ చెప్పింది అబద్ధం కాదు. తీరిక ఉన్నవాళ్లకు మొదటి నుంచి మొదలుపెట్టడం సరదాయే. వారమంతా నిచ్చెన మీద నిలబడి, ఒక్క మధ్యాహ్నం దొరికే మనిషికి సరదా కాదు. ఆయన వేళ్లు నేర్చుకున్నది ఆయనకు వదిలేయండి, ఆయన దిద్దిన ముఖాలు ఉండనివ్వండి, ఆ పైన మీరు ఎన్ని రంగులైనా మార్చుకోండి. నేనడిగేది ఇంతే. ఇంకా ఏటా కొత్తదే రావాలని, అందరూ మళ్లీ మొదటికే పోవాలని అంటారా? అయితే ఒక శుక్రవారం కోరుట్లకు రండి. నాయనమ్మ పక్కన మంచం మీద కూర్చోండి. ఆ ఫోన్ మొత్తం వినండి, ఎంతోసేపు ఉండదు. విన్నాక అదే మాట మా చెల్లె ముఖం చూసి అనగలరా?