టెక్కలిలో కొన్న స్పైరియా

నిన్న టెక్కలిలో హైవే పక్కన మొక్కలమ్మే మనిషితో నేను పడిన గొడవకు పదిమంది పోగై, ఒక్క మొక్క కోసం ఈ ముసలాయనకు ఇంత కోపమేమిటని నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు. నెల కిందట డయాలసిస్ చేయించుకుని ఇంటికి వస్తున్న మా ఆవిడకు, ఆ మనిషి తన ఫోన్లో తెల్లపూల బొమ్మ చూపించి, ఇది స్పైరియా అని చెప్పి ఒక మొక్క అంటగట్టాడు. మా ఆవిడ నా మేనమామ కూతురు. ఉద్దానంలో ఇంటింటా ఉన్న కిడ్నీ జబ్బు మా ఇంటికీ వచ్చింది. ఆ పూలు మళ్ళీ ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక.

ఆ పేరు మన వైపు ఎవరికి తెలుసు? నాలాగా మిలిటరీకి పోయిన మన జిల్లా వాళ్ళకు తెలిసి ఉండవచ్చు. పెళ్ళయిన కొత్తలో నేను ఉత్తరాది కొండల్లో సిపాయిని. జీడితోటలూ ఇసుకా తప్ప మరొకటి ఎరగని పిల్ల, భాష రాక, ఆ చలికి వణుకుతూ క్వార్టర్ ముందు నిలబడి ఏడుస్తుంటే, పక్కింటి పంజాబీ అక్క తన కంచెలోని స్పైరియా కొమ్మ ఒకటి విరిచి ఇచ్చింది. వానల్లో గుచ్చితే వేరు పట్టింది, బాగానే పెరిగింది. మన గోరింటను కత్తిరిస్తే గుబురుగా వస్తుంది కదా అని, మా ఆవిడ చలికాలంలో దాన్నీ మొదలుకంటా కత్తిరించేసింది. తీరా వసంతం వచ్చి వీధంతా తెల్లబడినా మా గుమ్మం ముందు ఒక్క పువ్వు లేదు. ఈ చెట్టు కిందటేటి కొమ్మ మీదే పూస్తుందనీ, పూలు రాలాకే కత్తెర వేయాలనీ ఆ అక్క అప్పుడు చెబితే, ఆ ముక్క ముందే ఎందుకు చెప్పలేదని మా ఆవిడ ఆమెతో చాలా రోజులు మాట మానేసింది. మరుసటి ఏడు సన్నటి కొమ్మలు నేలకు వంగి, పేలాలు చల్లినట్టు ఆకు కనబడకుండా పూసింది. ఆ ఊళ్ళో ఆవిడ నవ్వగా నేను చూసింది అప్పుడే.

ఇప్పుడు కొన్న మొక్క కొత్త చిగురు వేయగానే నాకు అనుమానం వచ్చింది. స్పైరియా ఆకులు కొమ్మకు ఒకటి అటు, ఒకటి ఇటు వస్తాయి, కొస వైపు అంచుకు సన్నటి పళ్ళుంటాయి. దీనికేమో ఆకులు ఎదురెదురుగా జంటలు, అంచులు నున్నగా ఉన్నాయి. భావనపాడు సముద్రపొడ్డున కంచెల్లో దానంతటది పెరిగే పొద ఇది, మేకలు కూడా మూతి పెట్టవు. మన ఇసుక పొదను నల్ల సంచిలో పెట్టి మనకే కొండపువ్వని అమ్మాడు! డాక్టరు చెప్పినట్టు తాగే నీళ్ళు గ్లాసుతో కొలుచుకుని, దాహమేస్తే పెదవులు తడుపుకుని ఊరుకునే మా ఆవిడ, ఆ మాయదారి మొక్కకు చెంబు నిండా నీళ్ళు పోస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆకు తెంపి తీసుకెళ్ళి వాడి ముందు పెడితే వాడు కొంచెం కూడా బెదరలేదు. "ఏదైతే ఏటి బాబూ, తెల్లపూలే కదా. నీళ్ళు పొయ్యి, అదే పూత్తాది" అన్నాడు. వాడి చొక్కా పట్టుకున్నానని చూసినవాళ్ళు అంటున్నారు, నాకు గుర్తు లేదు. పట్టుకునే ఉంటాను.

ఇంటికొచ్చి మొక్కను పీకి పారేద్దామని వంగితే మా ఆవిడ గుమ్మంలోంచి కేకేసింది.

"ఉంచు బావా. అది కాదని నాకు తెల్దేటి? సిన్నప్పుడు ఈ కంచెల్లోనే కదా ఆడుకున్నాను."

తెలిసి తెలిసి ఎందుకు కొన్నావని అరిచాను.

"ఆడి ఫోన్లో ఆ పూల బొమ్మ ఉన్నాది కదా. కొనకపోతే అంతసేపు సూడనిత్తాడేటి?"

మా ఇంట్లో ఉన్నది మాట్లాడుకునే ఫోను మాత్రమే, దాంట్లో బొమ్మలు రావు. నేను మొక్కను వదిలేసి అరుగు మీద కూర్చున్నాను. ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియలేదు. ఆ కొండల్లో చెట్టు పూయలేదని ఆవిడ ఏడ్చినప్పుడు, వచ్చే ఏడు పూస్తుందిలే అని నేను ఎంత తేలిగ్గా అనేశానో! ఇప్పుడు మా ఇంట్లో వచ్చే ఏడు అన్న మాట ఆవిడా ఎత్తదు, నేనూ ఎత్తను.