ఆ పాట ఆయనదే

మా గిటార్ మాస్టారు పోయారని మంగళవారం పొద్దున నేను ఫిల్మ్ నగర్‌లో ఎడిటింగ్ గదిలో ఉండగా ఫోనొచ్చింది. సినిమా పాటలకు ఇరవై ఏళ్లు గిటార్ వాయించిన మనిషి. సంగీత దర్శకుడిగా చేసింది మాత్రం ఒకే సినిమా. అందులోని రాక్ పాట మీరు వినే ఉంటారు. ఎఫ్.ఎమ్.లో గంటకోసారి వచ్చేది. బైకు ప్రకటనకు వాడుకున్నారు, క్రికెట్ విరామాల్లో వేశారు, పెళ్లి బరాత్‌లలో కూడా మోగించారు.

ఆ తర్వాత ఎవరో దాన్ని ఒక ఇంగ్లీషు పాట పక్కన పెట్టి వీడియో చేశారు. కాపీ అన్నారు. అంతే, మాస్టారికి మళ్లీ సినిమా రాలేదు.

ఆయన కాపీ కొట్టే మనిషి కాదు. మధురానగర్‌లో వాళ్లింట్లో నేను రెండేళ్లు గిటార్ నేర్చుకున్నాను. "గీ రెండు స్వరాలు ఎక్కడ్నో విన్నట్టుంది, తీసేద్దాం" అంటూ తను కట్టిన బాణీనే తీసి పారేసేవారు. బాగుందండీ అని నేను మొత్తుకుంటే, "బాగుంటే సరిపోదు, మనదై ఉండాలె" అనేవారు. ఈలోగా చాయ్ చల్లారిపోయేది. నాకు ఒళ్లు మండేది.

అసలు సంగతి నాకు తెలుసు. ఆ పాట వచ్చే సన్నివేశాన్ని ఎడిట్ చేసింది నేనే. పాట ఇంకా తయారు కాలేదని, అప్పటికి ఆ ఇంగ్లీషు పాట వేసుకుని దాని దరువుకే షాట్లు కత్తిరించాను. మా పనిలో అందరూ చేసేదే. దర్శకుడు నెలరోజులు దాన్నే విని విని, "మాస్టారూ, నాకు ఇదే ఊపు కావాలి. కట్ మార్చలేను" అన్నాడు. మాస్టారు బాణీ అంతా తనదే కట్టారు. వేగం, ఆగే చోట్లు మాత్రం నా కట్‌కి సరిపెట్టారు. జనం పోలిక పట్టుకున్నది అక్కడే.

ఆ మాట నేను బయట చెప్పలేదు. దర్శకుడు మళ్లీ పని ఇవ్వడేమోనని భయం. మాస్టారు కూడా ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఆయన దగ్గర నసిగితే, "ఫికర్ చెయ్యకు, నీ పని నువ్వు చేసినవ్" అన్నారు. ఆయన మంచితనం చాటున ఆరేళ్లు దాక్కున్నాను. సిగ్గుగా ఉంది. అందుకే ఇప్పుడిది రాస్తున్నాను.

వాళ్లింటికి వెళ్లేసరికి టీవీలో ఆయన వార్తే వస్తోంది. ఏదో పాత కార్యక్రమంలో గిటార్ వాయిస్తున్నారు, కింద మళ్లీ ఆ కాపీ గొడవే రాశారు. ఆయన భార్య పక్కన కూర్చుని, జరిగిందంతా చెప్పాను.

"ఈ ముచ్చట ఆయన ఉన్నప్పుడు చెప్తే ఏం పోయేది బిడ్డా?" అన్నారావిడ.

రిమోట్ తీసుకుని శబ్దం ఆపేశారు. తెర మీద మాస్టారి వేళ్లు మాత్రం తీగల మీద ఆడుతూనే ఉన్నాయి.