వెనక వైపు బాణం

ఏ నడవాలో వేలాడే బోర్డు కనిపించినా, దాన్ని దాటాక వెనక్కి తిరిగి రెండో వైపు చూస్తాను. అడిగినవాళ్లకు అలవాటని చెబుతాను. అలవాటు కాదు, ఇన్నేళ్లుగా మోస్తున్న బరువు. మీకు మాత్రం నిజం చెబుతాను.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో బోర్డులు చేసే దుకాణంలో అక్షరాలు గీసేదాన్ని. ఒక యూనివర్సిటీ భవనానికి దారి చూపే బోర్డుల పని వచ్చింది. 'గ్రంథాలయం' అన్న మాట ఎంత దూరం నుంచి చదవగలం? ఒత్తులు ఎక్కడ అలుక్కుపోతాయి? నడిచే మనిషి ముందు అక్షరం చూస్తాడా, బాణమా? బస్సులో ఇవే ఆలోచిస్తూ, దిగాల్సిన ఎల్బీనగర్ దాటిపోయేదాన్ని.

ఆ మురిపెంలోనే తప్పు చేశాను. వేలాడే బోర్డుకు రెండు రేకులు. ముందు బాణం ఎడమకుంటే వెనకది కుడికి ఉండాలి. నేను రెండింటికీ ఒకే బొమ్మ గీశాను. మాది పోచంపల్లి నేత ఇల్లు. చీరలో బాణం నేస్తే ఎటు నుంచి చూసినా ఒకే దిక్కు చూపుతుంది. రేకు అలా చూపదని నాకెందుకు తట్టలేదు?

బోర్డు వెనక వైపు నుంచి వచ్చినవాళ్లు గ్రంథాలయం వెతుక్కుంటూ తాళం వేసిన గది ముందు తేలారు. బోర్డులు బిగించింది ప్రసాద్ గారు. గుంటూరు మనిషి, వనస్థలిపురంలో ఉండేవారు. విద్యార్థులు దుకాణానికొచ్చి, ఆంధ్రాయన కావాలనే రేకులు తారుమారు చేశాడన్నారు. గొడవెందుకని యజమాని ఆయన్ని పనిలోంచి తీసేశాడు.

వెళ్లే ముందు ఆయన నా బల్ల దగ్గరికొచ్చారు.

"రెండు రేకులూ ఒకేలా ఉన్నట్టున్నాయమ్మా. నీకేమన్నా గుర్తుందా?"

"యాదికి లేదన్నా."

ఆయన పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నారు. "పోన్లే. నాకు కుడేదో ఎడమేదో తెలీదని మా ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉంటది."

ఆయనకు తెలుసా? ఇప్పటికీ అదే ఆలోచన. నోరు విప్పకపోవడానికి సిగ్గే కారణమని చాలాకాలం నమ్మాను. సిగ్గేనా? నేను ఇక్కడి పిల్లను. నేను ఒప్పుకుని ఉంటే అది ఉత్త పొరపాటు, నవ్వి వదిలేసేవారు. ఆయన మీద పడ్డాక కుట్ర అయింది. ఆ తేడా నాకు ఆ రోజే తెలుసు. తెలిసే ఊరుకున్నాను. కొత్త రేకు నేనే గీసిచ్చాను, యజమాని మెచ్చుకున్నాడు.

ప్రసాద్ గారు ఇప్పుడెక్కడున్నారో తెలియదు.

ఆ బాణం గీసింది నేను. ఇంత చిన్న మాట. రాశాక చెయ్యి కొంచెం తేలికైంది, అంతే.