గుట్ట ఎక్కాల్సిన ఆటో

మా నాన్న సిరిసిల్లలో మరమగ్గాల మోటార్లకు తీగ చుట్టేవాడు. నాకు ఆ పని ఆయన దగ్గరే వచ్చింది. పెళ్లయి జగిత్యాల వచ్చాక బోరు మోటార్ల షాపు పెట్టుకున్నాను. బండి మోటారు మాత్రం ఎన్నడూ ముట్టలేదు, పోయిన ఎండాకాలం కోరుట్ల నుంచి ఒక ఆటో డ్రైవరు వచ్చేదాకా.

యాభై దాటిన మనిషి. పాత డీజిల్ ఆటోలోంచి ఇంజను తీసేయించి బ్యాటరీలు, మోటారు పెట్టించుకున్నాడు. ఊళ్లో బాగానే నడిచేదట. కొండగట్టు అంజన్న గుడికి ఎక్కేటప్పుడే పరువు తీసింది.

“సగం గుట్టకు ఆగింది చెల్లె. ముసలోల్లు సుత దిగి నెట్టిన్రు. అడ్డా మీద నన్ను జూసి, తాడు తెచ్చుకున్నవా అని నవ్వుతున్రు.”

“నాకు బోరు మోటర్లే తెల్సన్నా.”

“ఏ మోటరైనా తీగనే గదా. ఒక్కసారి జూడు.”

మోటారుకు ఎంత కరెంటు పోవాలో నిర్ణయించే కంట్రోలర్ పెట్టె ఒకటుంది. దాని సెట్టింగులు ఫోన్లోనే మార్చుకోవచ్చు. చూస్తే కరెంటు పరిమితి బాగా తక్కువగా ఉంది. ఇంతేనా అనుకుని ఒకేసారి పెంచేశాను. ధర్మపురి రోడ్డు మీద ఆటో ఒక్క దూకు దూకింది. ఆయన కేక పెట్టాడు, నేను పగలబడి నవ్వాను. కాసేపటికే వెనక నుంచి మోటారు తీగకు పూసే వార్నిష్ మాడే వాసన. ఎన్ని కాలిన మోటార్లు విప్పానో, ఆ వాసన నాకు కొత్త కాదు.

“ఆపన్నా! జల్ది ఆపు!”

మోటారు మీద చెయ్యి పెట్టలేకపోయాను.

“కాలిందా?” అన్నాడు మెల్లగా.

“కాలలే. నాదే తప్పన్నా, తొందరపడ్డ.”

మరునాడు వెనక చక్రాలు పైకి లేపి, కరెంటు మీటరు తగిలించి, బరువు లేకుండా తిప్పి చూశాను. అప్పుడు కూడా మోటారు కరెంటు గటగటా తాగుతోంది. లాగే బరువే లేనప్పుడు ఆ కరెంటంతా ఎక్కడికి పోతోంది? వేడిగా మారుతోంది! లోపల తిరిగే అయస్కాంతం ఎక్కడికొచ్చిందో కంట్రోలరుకు చెప్పే సెన్సార్లు ఒక చిన్న పలక మీద ఉంటాయి. ఆ పలకే సరైన చోట లేదని తట్టింది. మరలు వదులు చేసి వెంట్రుకవాసి జరిపాను. మోటారు గజగజ వణికింది. రెండోవైపు జరిపాను. మీటరు ముల్లు దిగింది! ఇంకాస్త జరిపితే ఇంకా దిగింది. ఆ తర్వాత మళ్లీ పెరగబోయింది. అన్నిటికన్నా తక్కువ చూపించిన చోటికి తెచ్చి మరలు బిగించి, గట్టిగా అరిచాను. పక్క కొట్టు టీ ఆయన షాకు కొట్టిందేమోనని పరుగెత్తుకొచ్చాడు.

తర్వాత మోటారుకు గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టి, మూడు రోజులపాటు కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ, పెంచినప్పుడల్లా వేడి చూసుకున్నాను.

బుధవారం పొద్దున కొండగట్టుకు బయలుదేరాం. వెనక ఆయన భార్య, తల్లి, అడ్డా మీద నవ్విన డ్రైవర్లు ఇద్దరు. ముందు ఆయన పక్కన ఇరుక్కుని నేను, చేతిలో మోటారు వేడి చూపించే ఫోను. ఎక్కుతోంది! ముందుసారి ఆగిపోయిన మలుపు వచ్చింది. ఆయన కావాలనే బ్రేకు తొక్కి బండి ఆపేశాడు.

“ఏం జేస్తున్నవన్నా!” అని అరిచాను.

“ఆగి లేస్తదో లేదో జూడాలె గదా చెల్లె.”

బ్రేకు వదిలి యాక్సిలరేటరు తిప్పాడు. ఆటో అంగుళం కూడా వెనక్కి జారలేదు. సన్నగా ఈల వేసినట్టు మోగుతూ పైకి లాగింది. వెనక ముసలమ్మ “జై హనుమాన్!” అని కేకేసింది. ఫోన్లో వేడి హద్దులోనే ఉంది. నా కళ్లల్లో నీళ్లు ఎందుకొచ్చాయో తెలియదు కానీ నేనూ అరుస్తూనే ఉన్నాను.

నిన్న మెట్‌పల్లి నుంచి పసుపు బస్తాలు మోసే బ్యాటరీ ట్రాలీ ఆటో ఒకటి వచ్చింది. దాని మోటారు ఇంకా పెద్దది. పొద్దున్నే విప్పడం మొదలుపెట్టాను.