మాట లేని డిస్కు

వయొలిన్ టీచరమ్మ పొద్దున్నే లేచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, వేడినీళ్ళ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు కూర్చునేది. వేళ్ళ కణుపులు వదులయ్యాక వయొలిన్, కమాను అందుకుని, కళ్ళు మూసుకుని, తను చేస్తున్నదంతా పైకి చెప్పుకుంటూ వాయించేది. "కమాను కిందికి. చూపుడు వేలు రెండో తీగ మీద. ఊఁహూఁ, నొక్కెయ్యకూడదు. నిద్రపోయే పసిబిడ్డ బుగ్గ ముట్టుకున్నట్టు..." పక్క వాటాలో ఉండేవాళ్ళు మొదట్లో ఈవిడకేదో తేడా చేసిందనుకున్నారు. తర్వాత అలవాటు పడిపోయారు. ఏ రోజైనా ఆ మాట వినపడకపోతే "ఒంట్లో బాగాలేదా అమ్మా" అంటూ వచ్చి తలుపు తట్టేవారు. అడిగేవాళ్ళుండటం కూడా దేవుడు పెట్టిన కూడు లాంటిదేనని ఆమె అంటుండేది.

ఈ చెప్పుకుంటూ వాయించడం ఆమెకు కుర్చీల ఆయన వల్ల అబ్బింది. ఆయన ప్లాస్టిక్ వైరుతో కుర్చీలు అల్లుతాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఒకసారి ఆమె కుర్చీ బాగుచేసి తెచ్చిచ్చి, లోపల పిల్లలు వాయిస్తుంటే గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. మర్నాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చి నేర్పమన్నాడు.

అలవాటు కొద్దీ టీచరమ్మ, "ఇలా నన్ను చూసి పట్టుకో" అంది. అని నాలిక కరుచుకుంది.

ఆయన మాత్రం పకపకా నవ్వాడు. "చూపే ఉంటే మీ దాకా ఎందుకు టీచరమ్మా, ముందు మా ఆవిణ్ణి చూసుకుందును."

"చూడలేదు కాబట్టే కాపురం నిలిచింది" అంది భార్య, చెప్పులు విడుస్తూ.

ఆ రోజు నుంచీ టీచరమ్మకు కొత్త చదువు మొదలైంది. చేత్తో చూపిస్తే తెమిలిపోయేదాన్ని మాటల్లో పెట్టాలి. మణికట్టు ఎంత వంచాలో, మోచెయ్యి ఎక్కడుండాలో, తీగ మీంచి వేలు ఎప్పుడు లేపాలో నోటితో చెప్పబోతే, ఇన్నేళ్ళూ తనకే సరిగ్గా తెలియదని తేలింది. ఇద్దరూ తంటాలు పడ్డారు. "తలుపు గడియ మీద బొటనవేలు ఆనించినట్టు" అని ఆమె అంటే, "మా గడియ ఊడిపోయి చాలా కాలమైంది, ఇంకోటి చెప్పండి" అనేవాడు. కానీ చెవి మాత్రం పాము చెవి. ఒక్కసారి మాట తగిలిందంటే వేలు తప్పేది కాదు. భార్యకు మాత్రం ఈ విద్య గిట్టలేదు. "పిల్లి తోక తొక్కినట్టుంది. పగలంతా కుర్చీ వాసన, సాయంత్రం ఇదీ" అని సణిగేది. సణుగుతూనే, ఆయన మెట్లు దిగేటప్పుడు మోచేతి కింద చెయ్యి వేసేది.

ఇలా ఉండగా, వేరే ఊళ్ళో ఉన్న టీచరమ్మ అక్క స్నానాల గదిలో జారిపడి మంచం పట్టింది. చూసుకోవడానికి పనిమనిషి తప్ప ఎవరూ లేరు. ఏడాది తిరిగేలోగా ఇక్కడన్నీ సర్దుకుని నీ దగ్గరికి వచ్చేస్తానని టీచరమ్మ అక్కకు కబురు పెట్టింది. మిగతా శిష్యులకు చింత లేదు, ఎవరో ఒకరు దొరుకుతారు. కుర్చీల ఆయన్ని మాత్రం ఎవరూ చేర్చుకోలేదు. అడిగిన ప్రతివాళ్ళూ, చూసి నేర్చుకోవాల్సిన విద్య చూడలేనివాడికి ఎలా చెబుతామన్నారు. ఆమెకు అన్నం సహించలేదు.

అప్పుడు ముందుకొచ్చినవాడు పెద్ద శిష్యుడు. నిక్కరు తొడుక్కునే వయసు నుంచీ ఆమె దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు వీడియో స్టూడియో పెట్టుకున్నాడు. "మీరు దిగులు పడకండి అమ్మగారూ. పాఠాలన్నీ వీడియో తీసేద్దాం. మీరు ఎక్కడున్నా మీ పాఠం ఇక్కడుంటుంది" అన్నాడు. ఆ మాటకు ఆమె కళ్ళు చెమర్చాయి.

దేంట్లో తియ్యాలన్న దగ్గర మాత్రం పెద్ద పంచాయితీ అయింది. స్టూడియోలో నలుగురూ కూర్చున్నారు.

"డిస్కులు ఇప్పుడెవరు చూస్తున్నారు అమ్మగారూ? అన్నీ ఫోన్లోనే. చిన్న చిన్న ముక్కలు చేసి పెడితే లోకమంతా చూస్తుంది."

"లోకం సంగతి తర్వాత నాయనా" అన్నాడు కుర్చీల ఆయన. "ఫోను అద్దంలా నున్నగా ఉంటుంది. వేలికి ఏదీ తగలదు. మొన్న మా బావమరిదికి చెయ్యబోతే ఎవరో పళ్ళ డాక్టరు ఎత్తాడు. పన్ను పీకించుకోమని ఒకటే బలవంతం. అదే మా ఇంట్లో డిస్కు ప్లేయరుందనుకో, బటన్లు బొడిపెల్లా ఉంటాయి. వెనక్కి తిప్పే బటనుకి ఓ మూల విరిగింది కూడాను. చీకట్లో అయినా పట్టేస్తా."

"నీకు చీకటేంటి, వెలుగేంటి" అంది భార్య.

"అదేనే నేను చెప్పేది."

టీచరమ్మ తేల్చేసింది. "ఫోన్లో పెట్టుకుంటే పెట్టుకో నాన్నా, నేను కాదనను. ఈయనకి మాత్రం డిస్కు. అందులో నేను చెప్పిన మాట ఒక్కటి కూడా పోకూడదు. చూసేవాళ్ళకి బొమ్మ చాలు. ఈయనకి ఉన్నదల్లా మాటే."

"నా తల మీద ఒట్టు అమ్మగారూ. మీ నోట్లోంచి వచ్చింది వచ్చినట్టే ఉంటుంది" అని శిష్యుడు నిజంగానే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

నెలల తరబడి తీశారు. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేసి, అతనే అట్టముక్కతో ఆమెకు విసిరేవాడు. నడుముకి దిండు పెట్టేవాడు. అతని భార్య ఫ్లాస్కులో వేడినీళ్ళు పంపేది. గొంతు బొంగురుపోయినా, కణుపులు వాచినా టీచరమ్మ మానలేదు. చివరి పాఠం అయ్యాక, "అన్నీ కూర్చి డిస్కు చేశాను, ఒకసారి చూస్తారా?" అని అడిగాడు.

"నువ్వు చేశాక నేను చూసేదేముంది నాన్నా" అంది. కన్నకొడుకున్నా ఇంతకంటే చేస్తాడా అనుకుంది.

డిస్కును అతనే తీసుకెళ్ళి కుర్చీల ఆయన ఇంట్లో ఇచ్చాడు. తర్వాత ఆయన కనిపించినప్పుడల్లా ఆమె అడిగేది, "ఎలా ఉంది? అర్థమవుతోందా?" అని.

"బ్రహ్మాండం టీచరమ్మా! అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది."

ఫోన్లో చూసినవాళ్ళు కూడా దారిలో ఆపి మెచ్చుకున్నారు. "అక్షరాలు భలే వేశారండీ" అన్నారు. అక్షరాలు కూడా వేశాడా, పాపం ఎంత కష్టపడ్డాడో అని ఆమె మురిసిపోయింది.

రేపు ప్రయాణమనగా, వెళ్ళొస్తానని చెప్పడానికి కుర్చీల ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన నేల మీద కూర్చుని కుర్చీ అల్లుతున్నాడు. భార్య బట్టలు మడతపెడుతోంది.

"పాఠాలు ఎంతవరకు వచ్చాయి?" అంది టీచరమ్మ.

"సగం దాటాను. మీరు పక్కనే కూర్చుని చెబుతున్నట్టే..."

భార్య చేతిలో చొక్కా విసిరికొట్టింది. "ఇంక చాల్లే! పెద్దమనిషి రేపు ఊరొదిలి వెళ్ళిపోతోంది, ఇప్పుడు కూడానా? టీచరమ్మా, ఈయన మాట నమ్మకండి. ఆ డిస్కులో మీ మాటే లేదు."

"నువ్వూరుకో" అన్నాడాయన. చేతిలో వైరు ఆగిపోయింది.

"లేకపోవడమేంటి?" టీచరమ్మకు అర్థం కాలేదు. ఆమే లేచి ప్లేయరు పెట్టింది. తెర మీద ఆమే ఉంది. పెదవులు కదులుతున్నాయి. వెనక ఏదో మెత్తటి సంగీతం, మధ్య మధ్య వయొలిన్ మోత. కింద రంగురంగుల అక్షరాలు వచ్చి పోతున్నాయి. 'కమాను కిందికి.' 'చూపుడు వేలు.' ఒక పాఠం దాటించింది, ఇంకోటి దాటించింది. తన గొంతు ఎక్కడా లేదు. 

"మరి బాగుందన్నావేం?"

కుర్చీల ఆయన తల వంచుకున్నాడు. "గొంతు చించుకుని చెప్పారు. చేతులు వాచిపోయాయని ఈవిడ చెప్పింది. ఏమీ వినపడ్డం లేదని ఏ నోటితో చెప్పను టీచరమ్మా? అతను ఆ డిస్కు నా చేతిలో పెట్టినప్పుడు ఎంత సంబరపడ్డాడని! రోజూ పెట్టుకుంటూనే ఉన్నా. ఎక్కడైనా ఒక్క ముక్క దొరుకుతుందేమోనని."

ఆమె ప్లేయరు ఆపేసింది. వాన తుంపరలో తడుస్తూనే స్టూడియోకి నడిచింది.

పెద్ద శిష్యుడు ఆమెను చూడగానే లేచి, తుడుచుకోమని తువ్వాలు తెచ్చాడు, స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"డిస్కులో నా మాట లేదు నాన్నా."

అతని ముఖం పాలిపోయింది. "అదీ... ఫోను కోసం ఒకటి, డిస్కు కోసం ఒకటి చెయ్యాలంటే రెండు పనులు. పని ఒత్తిడి అమ్మగారూ. ఫోను కోసం చేసిందే డిస్కులో వేసేశాను."

"ఫోను దాంట్లో మాత్రం ఎందుకు తీసేశావ్?"

అతను చేతిలో తువ్వాలు మడతపెడుతూ అన్నాడు. "మీ గొంతు వణుకుతోంది. మధ్యలో దగ్గు. దాని కింద ఎవడైనా వెకిలిగా రాస్తే నేను తట్టుకోలేను. మీ మంచికే చేశాను."

"నా గొంతుకి నువ్వు సిగ్గుపడ్డావా?"

అతను తువ్వాలు స్టూలు మీద పెట్టాడు.

"సరే, పాతది ఉంటే ఇవ్వు. మాట ఉన్నది."

"చోటు చాలక చెరిపేశాను అమ్మగారూ." కంప్యూటరు వైపు చెయ్యి చూపించాడు. "వచ్చే వారం మిషను గొంతుతో చదివించి కొత్త డిస్కు చేసిస్తాను. ఒట్టు."

 "అప్పుడు వేసిన ఒట్టేమైంది నాన్నా?"

"అప్పుడు నిజంగానే చేద్దామనుకున్నానండీ."

అదీ నిజమేనని ఆమెకు తెలుస్తోంది. అట్టముక్కతో విసిరిందీ నిజమే, నడుముకి దిండు పెట్టిందీ నిజమే. అందులో దొంగప్రేమ వెతుకుదామన్నా దొరకదు. దొరికితే బాగుండు, తిట్టి తేలికపడేది. తను పెంచినవాడే నట్టేట వదిలేశాడని ఏడవడానికి కూడా ఆమెకు తోచలేదు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పరిగెత్తుకొచ్చి గొడుగు పట్టాడు. "వద్దు నాన్నా" అని ఆ గొడుగు కిందనుంచి తప్పుకుంది. జీవితంలో అతన్ని ఆమె వద్దన్నది అదే మొదలు.

ఇంటికి పోయి పెట్టె సర్దుకోవాలి. కానీ కాళ్ళు మళ్ళీ కుర్చీల ఆయన ఇంటివైపే నడిచాయి. ఆయన లోపల గదిలో పడుకున్నాడు. భార్య తడిసిన మనిషిని చూసి గబగబా పొడి చీర తెచ్చి ఒళ్ళో పెట్టింది. "ముందు తల తుడుచుకోండి. ఏమన్నాడు?"

"చెరిపేశాడట."

"హవ్వ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను అప్పుడే ఈయనతో అన్నాను, నవ్వు మొహం చూసి నమ్మకూడదని. మీరూ, మా ఆయనా ఒకరికొకరు తగినవాళ్ళు."

టీచరమ్మ తల తుడుచుకోవడం ఆపి, ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా సబ్బు వాసన వేస్తోంది.

"నీకు ఈ వాయిద్యం సుతరామూ గిట్టదని తెలుసు. అయినా ఈ ఇంట్లో నాతో నిజం చెప్పింది నువ్వొక్కదానివే, అందుకే అడుగుతున్నా. తెర మీద అక్షరాలున్నాయి. నీకు చదువొచ్చు. రోజూ కాసేపు ఆయన పక్కన కూర్చుని అవి చదివి పెడతావా తల్లీ? అక్షరాల్లో లేనిది ఇప్పుడే నీకు చెప్పి వెళతాను. వయొలిన్ ఇలా తే."