కృష్ణలో మూడు రోజులు, నా సీట్లో రెండు నీళ్ల డబ్బాలు

పుట్టినప్పటి నుంచి కాలవలో వచ్చే కృష్ణ నీళ్లే తాగుతున్నాం గానీ, ఆ నదిని బస్సు కిటికీలోంచి తప్ప చూసింది లేదని నకరికల్లు చర్చి యూత్ మీటింగులో ఒక ఆదివారం నేను లేచి గంభీరంగా ప్రకటించాను. ఈ యాత్రకు అదే పునాది. పొందుగల నుంచి పులిచింతల జలాశయం మీదుగా బెల్లంకొండ వైపు మూడు రోజుల ప్రయాణం, ఒడ్డున గుడారాల్లో రెండు రాత్రులు. మేం ఆరుగురం. ఇద్దరేసి కూర్చుని తెడ్డు వేసే కెనూలు మూడు. మార్గం గీసింది నేనే కాబట్టి ముందు పడవలో ముందు సీటు నాకే రాసుకున్నాను.

ఫిబ్రవరిలో వెళ్లాం. అప్పటికి ఎండ ముదరదు, జలాశయంలో నీళ్లుంటాయి. కెనూ అద్దె రోజుకు వెయ్యి. సామాను మోసే ట్రాలీ ఆటోకు మూడు రోజులకు ఆరు వేలు. దాన్ని నడిపే మస్తాన్ అన్నే వంట కూడా చేస్తాడు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, పిడుగురాళ్ల, దాచేపల్లి దాటి ఆరున్నరకు రేవులో దిగాం. దారి చూపేందుకు మాట్లాడుకున్న జాలరి కోటయ్య బాబాయ్, ఒడ్డుకు పదిహేను బారల దూరంలో తన గుండ్రటి తోలు పడవలో, పుట్టిలో, కూర్చుని ఉన్నాడు.

"పడవెక్కేముందు ఒక్కొక్కళ్లు ఈడదాకా ఈది పోండి," అన్నాడు.

"లైఫ్ జాకెట్లు ఉన్నయ్‌గా బాబాయ్," అన్నాను.

"అయ్యి అద్దెకి తెచ్చారు. ఈత కూడా తెచ్చారా?"

పదేళ్లుగా మా ఊరి కుడి కాలవలో ఒక వంతెన దగ్గర దూకి తర్వాతి వంతెన దగ్గర తేలుతున్నవాణ్ని. చిరునవ్వుతో దూకాను. చేతులు వేశాను, కాళ్లు కొట్టాను, బోలెడంత నురగ సృష్టించాను. తల ఎత్తి చూస్తే, నేను దూకిన రాయి ఇంకా నా పక్కనే ఉంది.

"ఏడ నేర్చావు?"

"కాలవలో."

"అది ఈత కాదు నాయనా, కొట్టుకుపోవటం. నువ్వు ఆటోలో రా."

మిగతావాళ్లంతా గట్టెక్కారు. నా పడవలో జోడీ అయిన సౌమ్య ఈపూరులో వాళ్ల అమ్మమ్మగారి బావిలో ఈత నేర్చింది. జడ తడవకుండా పోయి వచ్చింది. పడవ తూకం కోసం నా సీట్లో రెండు నీళ్ల డబ్బాలు పెట్టారు.

"ఒక్కదానివే తెడ్డేయగలవా?" అని అడిగాను.

"ఒరేయ్, ఇయ్యి నీకన్నా నయం. మాట్లాడవు."

అలా నా జలయాత్ర మిరపకళ్లాల మధ్య, తుమ్ముల మీద సాగింది. కొండల సందున నీళ్లు కనపడినప్పుడల్లా మస్తాన్ అన్న ఆటో ఆపి, "నది బాగుందా తమ్ముడూ?" అని పరామర్శించేవాడు. జలాశయంలో ప్రవాహం ఉండదు. ఎంత తెడ్డు వేస్తే అంతే దూరం. రోజంతా వేస్తే పన్నెండు కిలోమీటర్లు. నాలుగున్నరకు పడవలు ఒడ్డు చేరగానే నేను ఈత నేర్పమని బాబాయ్ ముందు నిలబడేవాణ్ని.

"ముందు ఊరికే పడుకో. నీళ్లతో తగువు పెట్టుకోమాక," అనేవాడు, నా గడ్డం కింద చెయ్యి పెట్టి. మొదటి సాయంత్రం తేలాను. రెండో సాయంత్రం ఐదు బారలు కదిలాను. పప్పుచారు తినే ఆకలి లేదు, అప్పటికే కృష్ణ నీళ్లతో కడుపు నిండింది.

మూడో రోజు ఏడింటికి అందరూ పడవల్లో కూర్చున్నారు. ఇంకా మిగిలింది ఎనిమిది కిలోమీటర్లు. ఇక నాకు వేరే అవకాశం లేదు.

"ఒక్కసారే," అన్నాడు బాబాయ్, పుట్టిని పదిహేను బారలు లోపలికి తోసుకుంటూ. "ఎండ పడితే ఎదురుగాలి లేస్తది. నీకోసం ఆగను."

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఒడ్డున మస్తాన్ అన్న టీ కాచి, అందరికీ పోసి, గిన్నె కడిగాడట. పుట్టి అంచు చేతికి తగిలింది. తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ నవ్వలేదు. మోకాళ్లకు ఇసుక తగిలాకే లేచాను.

బాబాయ్ నా వెనకే పుట్టిని ఒడ్డుకు తోసుకొచ్చాడు. "ఇప్పుడు మునగటానికి కాస్త టైం పడుద్ది. ఎక్కు."

ఆ ఎనిమిది కిలోమీటర్లు తెడ్డు వేస్తూ ఆలోచించాను. నా బీటెక్ కూడా ఆ చివర దూకి ఈ చివర తేలిందే. అలా నేర్చినవి ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్క తీయాలంటే భయమేసి, నీటికోళ్లను చూడటంలో మునిగాను. మీరూ ఇలా వెళ్లదలిస్తే బయల్దేరే ముందు వారం పాటు, ఈత వచ్చినవాళ్లను పక్కన పెట్టుకుని, నిలవ నీళ్లలో ఈది చూసుకోండి. కాలవలో కాదు. లేదంటే మీ సీట్లోకి నీళ్ల డబ్బాలు తేలిగ్గానే దొరుకుతాయి. సౌమ్య అయితే దిగేటప్పుడు కూడా అవే మేలంది.