ముట్టుకుంటే ఫెయిల్

పదిమందికి పాఠం చెప్పే ఉద్యోగం దొరగ్గానే అన్నీ మనకే తెలిసిపోయాయనుకునే వయసొకటి ఉంటుంది. కరోనా వచ్చిన ఆ రోజుల్లో నేను సరిగ్గా ఆ వయసులో ఉన్నాను. ఒంటినిండా కప్పే తెల్ల కిట్టు ఎలా వేసుకోవాలో, ఎలా విప్పాలో నర్సులకూ ఆశా కార్యకర్తలకూ నేర్పమని నన్ను గుమ్మఘట్ట వైపు ఒక చిన్న ఆసుపత్రికి పంపారు. ఇచ్చింది ఒకే ఒక్క కిట్టు. చిరగకుండా తర్వాతి ఊళ్ళకూ తీసుకెళ్ళాలి. నేను మాత్రం దాన్ని ఫోనులో వీడియోగా చూడడమే గానీ ఒంటిమీద వేసుకున్నవాణ్ణి కాను. (ఆ సంగతి అక్కడ చెప్పలేదు. చెప్పకపోగా, హుందాగా ఉంటుందని మే నెల ఎండలో టై కూడా కట్టుకున్నాను.)

“కిట్టు బయటివైపంతా విషమే అనుకోండి. రోగి ఏడుస్తాడు, బతిమాలతాడు. మధ్యలో నేనూ బతిమాలతాను, అది పరీక్ష. చేతులు కడిగి గ్లౌజులు వేసుకోకుండా నన్ను ముట్టుకున్నవాళ్ళు ఫెయిల్. రేపు మళ్ళీ రావాలి” అని బెదిరించి కిట్టులోకి దూరాను. వేసుకోవడం దర్జాగానే జరిగింది. విప్పబోతే జిప్పు గొంతు కిందికి కాస్త దిగి, టైని కరచుకుని ఆగిపోయింది. కళ్ళద్దాల నిండా ఆవిరి. చెమట కాళ్ళదాకా కారుతోంది.

“కాస్త ఈ జిప్పు లాగండమ్మా,” అన్నాను.

అందరూ వెనక్కి జరిగారు.

“మొదలుపెట్టినాడు చూడక్కా పరీక్ష,” అంది ఒక ఆశా కార్యకర్త.

“పరీక్ష కాదమ్మా, నిజంగా ఊపిరాడడం లేదు!”

“అబ్బ, ఎంత బాగా చేస్తాండాడో! నాటకాల్లో యేషం కట్టాల్సినోడు.”

“మీ కాళ్ళు పట్టుకుంటాను సిస్టర్!”

“యాడికొస్తాండావప్పా? ఆడే నిలబడు,” అంది రిటైరుమెంటుకు దగ్గరపడిన పెద్ద సిస్టర్. “బస్సుల్యాక పొద్దున నడిచొచ్చినా. రేపు మళ్ళా నావల్ల కాదు.”

కళ్ళు తిరిగి, గోడవెంట జారి కూలబడ్డాను. అప్పుడు మారింది ఆమె గొంతు. “ల్యాదే, ఈ పిల్లోడు నిజంగానే పడినాడు!” బతికాననుకున్నాను. ఆమె పరుగెత్తింది, కొళాయి దగ్గరికి. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు అన్నీ నేను నేర్పినట్టే రుద్ది కడుగుతూ, “ఓర్చుకో నాయనా, ఇంకా గ్లౌజులేసుకోవాల,” అని ఓదార్చింది. (నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఆ తర్వాత నాకెక్కడా దొరకలేదు.) చివరికి కత్తెర తెచ్చి, “కిట్టు ఒక్కటే ఉండాది, దాన్ని కొయ్యగూడదు,” అంటూ నా టైని కోసిపారేసింది.

ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ తాగించాక అడిగింది: “మేమంతా పాసేనా సార్?”

తల ఊపాను.

“మరి నువ్వు?”

గదంతా నవ్వింది. నేను ఉడుక్కుని మొహం తిప్పుకున్నాను. ఆ ఏడాదంతా ఆమె అలాంటి కిట్టులోనే రోగుల మధ్య తిరిగిందని తర్వాత విన్నాను. ఆమెకు ఊపిరాడని మధ్యాహ్నం పక్కన నమ్మేవాళ్ళు ఉన్నారో లేదో, ఫోను చేసి అడగాలని కూడా నాకు తోచలేదు. ఆరోజు ఆ టై కుర్రవాడు మింగేసిన జవాబు ఇన్నేళ్ళకు వాడి తరఫున నేనే చెబుతున్నాను: ఫెయిలే సిస్టర్. పాసైపోవాలన్న తొందర కూడా ఇప్పుడు లేదు.